మెట్టుకు ముందు బిగించినవి

బళ్లకు అలంకారాలు బిగించే ఆ దుకాణం వాసన ఇప్పటికీ నా ముక్కును వదల్లేదు. కొత్త రబ్బరు, స్టిక్కర్ల జిగురు, కార్లలో వేలాడదీసే సెంటు డబ్బీలు, అన్నీ రేకుల కప్పు కింద కర్నూలు ఎండకు ఉడికి ఒకటైపోయిన వాసన. గోడ నిండా మెరిసే సామాన్లు. పుర్రె బొమ్మ గేరు రాడ్లు, ఎర్రగా వెలిగే చక్రాల మూతలు, పులి గాండ్రింపుతో మోగే హారన్లు. నేను అక్కడికి వెళ్లింది ఒక మెట్టు కోసం.

నేను ఫిజియోథెరపిస్టును. పుట్టింది బద్వేలు దగ్గర పల్లెలో. నాన్న ఆదివారాలు చర్చిలో సంఘపెద్ద, మిగతా రోజులు వాన కోసం చూసే రైతు. చదువయ్యాక కర్నూలులో ఒక ట్రస్టు నడిపే చిన్న కేంద్రంలో చేరాను. పక్షవాతం వచ్చినవాళ్లను, కాళ్లు విరిగినవాళ్లను మళ్లీ నడిపించడం మా పని. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది కోసిగి వైపువాళ్లు. వానలు లేక గుంటూరు వైపు మిరపకోతకు, పత్తి తీతకు లారీలెక్కి పోతారు. కొందరు ఆ లారీల మీద నుంచే పడతారు. పెద్దాసుపత్రిలో ఎముక అతికిస్తారు, కట్టు విప్పుతారు, ఇంటికి పొమ్మంటారు. ఆ తరవాత లేపి నడిపించే దిక్కుండదు. వాళ్లు రాలేరు కాబట్టి మేమే వాళ్ల ఊళ్లకు వెళ్లేవాళ్లం. బస్సుల్లో, ఆటోల్లో, ఒక్కోసారి ట్రాక్టరు మీద. వాన పడితే నల్లరేగడి చక్రాలకు పట్టుకుని వదలదు. ఎండాకాలం దారి నిండా బండలు.

చివరికి ట్రస్టువాళ్లు నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే జీపు ఒకటి లీజుకు తీసుకున్నారు. బండి మాది కాదు. నెలనెలా అద్దె కట్టి, గడువు తీరాక ఉన్నది ఉన్నట్టు తిరిగి అప్పగించాలి. కోయకుండా, రంధ్రాలు చేయకుండా తీసేయడానికి వీలైనవి మాత్రం బిగించుకోవచ్చు. వచ్చిన కొత్తలోనే కొన్ని బిగించుకోవడానికి ట్రస్టు ఒప్పుకుంది. ఊళ్లు తిరిగేది నువ్వే కాబట్టి ఏవి ముందు కావాలో నువ్వే చెప్పమన్నారు.

ఎప్పుడూ బండి కొని ఎరగని మనిషిని. ఎలా తేల్చుకోవాలో తెలియక నా పేషెంట్లు ఎలా ఎక్కుతారో అలాగే ఎక్కి చూద్దామనుకున్నాను. మా కేంద్రం ఆవరణలో మోకాలు వంగకుండా కాలికి పట్టీ బిగించుకుని, వాకర్ పట్టుకుని జీపు దగ్గరికి నడిచాను. మా డ్రైవరు కర్నూలు పాతూరి మనిషి, నాకంటే పెద్దవాడు, చాలా ఏళ్లు లారీలు తోలినవాడు. నేను ఆయన్ని భాయ్ అంటాను, ఆయన నన్ను మేడం అంటాడు. నేను కుంటుతూ వస్తుంటే సిగ్గుపడి అటు తిరిగి నిలబడ్డాడు. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు పెట్టాలని పేషెంట్లకు రోజూ చెప్పే మాటే నాకు నేను చెప్పుకుని కాలెత్తాను. బండి నేల నా తొడ దాకా వచ్చింది. పట్టుకోవడానికి ఏమీ లేదు. బాగున్న కాలు ఎలాగో పైన పెట్టాను గానీ బిగించిన కాలు కిందే ఉండిపోయింది. సీటు రెగ్జిను గోళ్లతో పట్టుకుని వేలాడాను. వాచ్‌మన్ కూర్చునే స్టూలు కింద వేయించుకుని మళ్లీ ఎక్కితే ఎక్కగలిగాను.

అంతే, తేలిపోయింది. వెనక తలుపు కింద ఒక మెట్టు, తలుపు పక్కన గట్టి పిడి. ఆ తరవాత బురదలో పట్టు దొరికే టైర్లు, బండలు తగలకుండా ఇంజను కింద ఇనుప రేకు. ఇంకేమీ వద్దనుకున్నాను.

దుకాణానికి మా ట్రస్టు ఛైర్మన్ కూడా వస్తాడని నాకు తెలియదు. ఆయన గురించి ఒక మాట ముందే చెప్పాలి, లేకపోతే ఉట్టి దుర్మార్గుడనుకుంటారు. భూములున్న ఇంటి మనిషి, రోడ్ల కాంట్రాక్టరు. ఆయన తల్లికి పక్షవాతం వచ్చి కుడి చేయి, కుడి కాలు, మాట కూడా పడిపోతే మా దగ్గరే చూపించుకున్నాడు. రోజూ తానే ఆమెను ఎత్తుకుని కారు దింపి లోపలికి తెచ్చేవాడు. ఆమె పోయాక మా కేంద్రానికి కట్టడం కట్టించి ఇచ్చాడు. అలా ఛైర్మన్ అయ్యాడు. మనిషికి బళ్లంటే పిచ్చి.

వచ్చీ రాగానే జీపు చుట్టూ తిరిగి, మూతి విరిచాడు.

"ఏందమ్మా ఇది, బోసి మొగమేసుకోని ఉండాది. దీంట్లో పోతే పల్లెలో ఎవురన్నా లెక్కజేస్తారా?"

నేను మెట్టు సంగతి చెప్పాను. ఆయన తల ఊపుతూనే దుకాణదారుడి ఫోనులో బొమ్మలు చూస్తున్నాడు. ముందుకు పొడుచుకొచ్చే ఇనుప కమ్ముల గార్డు ఒకటి ఎంచుకున్నాడు. దానికి పోలీసులు ఆపుతారని దుకాణదారుడే చెప్పాడు. మన బండిని ఆపేవాడెవడని ఆయన నవ్వాడు. కప్పు మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా లైట్ల పట్టీ. పక్కలకు ఉబికి వచ్చే వెడల్పు టైర్లు. అద్దం పక్కన నిలువుగా లేచే నల్ల గొట్టం కూడా ఒకటి. అదెందుకని అడిగాను. బండి బానెట్ దాకా నీళ్లలో మునిగినా ఇంజను గాలి పీల్చుకుంటుందట. తాగే నీళ్ల ట్యాంకరు కోసం వీధి పొడుగునా బిందెలు పేర్చి కూర్చునే ఊళ్లకు వెళ్లే బండికి ఆ గొట్టం. దాన్ని బిగించాలంటే బండి పక్క రేకుకు రంధ్రం కొట్టాలి. లీజు బండి సార్ అన్నాను. గడువు తీరేనాటికి చూసుకుందామన్నాడు.

అన్నిటికన్నా పైన, బండి ఎత్తు పెంచే కిట్టు. స్ప్రింగులు మార్చి, దిమ్మెలు పెట్టి బండి మొత్తాన్నీ జానెడు పైకి లేపుతారట.

"సార్, ఇప్పుడున్న ఎత్తుకే మనవాళ్లు ఎక్కలేరు," అన్నాను. "ఇంకా లేపితే ఎట్లా? నాకు మెట్టు చాలు."

"బండలకు తగుల్తాదని ఇనుప రేకు అడిగింది నువ్వే గదమ్మా. బండే పైన ఉంటే ఇంగ రేకెందుకు? మెట్టు మలి విడత సూద్దాం."

దుకాణదారుడు నా వైపు జాలిగా చూశాడు. "మెట్టు ఏస్తే లుక్కు పోతాది మేడం," అన్నాడు.

ఆ లుక్కు అన్న మాట విన్నప్పుడు నాలుక మీద ఏదో చేదు తగిలినట్టయింది. బయటికి వచ్చేశాను. పనివాళ్లు అప్పటికే మా బండి నుంచి ఊడదీసిన టైర్లు, ఇంకా వాటి మీది కొత్త నూగు కూడా పోనివి, మురుగు కాలవ పక్కన పడేసి ఉన్నాయి. వాటి మీద ఒక కుక్క పడుకుని ఉంది. లోపల ఆయన ఒక్కో హారనూ మోగించి చూస్తున్నాడు.

బండి తిరిగొచ్చాక చూస్తే అది మాదేనా అనిపించింది. నాకే ఎక్కడం గగనమైంది. చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని, పక్కన ఎవరూ లేరని చూసుకుని ఎగిరి ఎక్కేదాన్ని. రెండు పక్కల తలుపుల మీదా చేతులు జోడించిన ఛైర్మన్ నిలువెత్తు బొమ్మ. కేంద్రం పేరు ఆయన పాదాల దగ్గర సన్నగా ఉంది. ఆ బొమ్మ పళ్లన్నీ కనపడేలా నవ్వుతూ ఉండేది. ఎండలో రోజంతా దాని పక్కన పని చేయడం నాకు రోతగా ఉండేది. మా డ్రైవరుకు మాత్రం పండగే. పొద్దున్నే మెత్తటి గుడ్డతో ఒక్కో లైటూ తుడిచేవాడు. ఇన్నేళ్ల నౌకరీలో ఇలాంటి బండి తన చేతికి రాలేదని, జనం దారిస్తున్నారని మురిసిపోయేవాడు. ఆయన మురిపెం చూస్తే నాకు ఏమనడానికీ నోరొచ్చేది కాదు.

జనం దారిచ్చిన మాట నిజమే. మా బండి ఊళ్లోకి రాగానే కొందరు తలుపులు వేసుకునేవాళ్లు, కొందరు అర్జీలు పట్టుకుని వచ్చేవాళ్లు. మోకాలు చూపించుకోవడానికి వచ్చేవాళ్లకంటే పింఛను ఆగిపోయిందని చెప్పుకోవడానికి వచ్చేవాళ్లే ఎక్కువైపోయారు. ఒక ముసలాయన వంగి మా టైరుకు దండం పెట్టాడు. మేము నాయకుల మనుషులం కాదు తాతా అంటే నమ్మలేదు. ఆ బొమ్మ వైపు చూపించి, మరి ఈయనెవరు అన్నాడు.

నేను ఇంటి నుంచి ఒక ప్లాస్టిక్ స్టూలు తెచ్చుకుని బండిలో పెట్టుకున్నాను. చదునుగా ఉన్న చోట పనికొచ్చేది. బండల మీద దాని కాళ్లు ఒరిగిపోయేవి. పక్షవాతం వచ్చిన ఒకాయన దాని మీద కాలు పెట్టి పక్కకు వాలిపోతే నా భుజం మీద పడి ఆగాడు. ఆ రోజు నుంచి పేషెంట్లను ఎక్కించడం మానేశాం. కాళ్లు లేనివాళ్ల కోసం తెచ్చిన బండిలో కాళ్లున్న మేమిద్దరమే తిరిగేవాళ్లం.

కోసిగికి కాస్త అవతల చిన్న పల్లెలో ఒకామె ఉండేది. ఇంచుమించు నా వయసే. మిరప లారీ మీద నుంచి పడి తొడ ఎముక విరిగింది, లోపల కడ్డీ వేశారు. అక్క ఇంట్లో ఉండేది. ఇంటి ముందు పరిచిన బండల మీద వాకర్‌తో నడవడం నేర్పుతున్నాను. నన్ను చేయి పట్టుకోనిచ్చేది కాదు. పట్టుకోవద్దక్కా, పడితే పడతా అనేది. పడలేదు కూడా. మొండిగా, పెదవి కొరుక్కుంటూ, ఒక్కో వారానికి ఇంకో గడప ముందు దాకా వెళ్లేది. విరిగిన కాలు కొంచెం పొట్టిదైంది. అడుగు ఎత్తుగా ఉన్న చెప్పు చేయించాలంటే కొలత ఇవ్వడానికి కర్నూలు రావాలి. ఆటోలో వస్తానంది. సరేనన్నాను.

ఈ సంగతి ఎలా తెలిసిందో ఛైర్మన్ ఫోన్ చేశాడు. మన బండి ఉండగా ఆటో ఏందమ్మా, నేనే వస్తా, మొదటి పేషెంటును నా చేత్తో ఎక్కిస్తా అన్నాడు. వద్దని చెప్పడానికి చూశాను, అప్పటికే ఫోటోలు తీసే అతనికి చెప్పేసినట్టున్నాడు.

ఆ పొద్దున ఆమె తలకు నూనె పెట్టి దువ్వుకుని, పెట్టెలో దాచిన చీర కట్టుకుని ఉంది. బండి ఆ సందులోకి పట్టలేదు, రోడ్డు మీదే ఆగింది. ఆమె ఇంటి నుంచి రోడ్డు దాకా నడిచింది. పడ్డాక అంత దూరం నడవడం అదే మొదటిసారి. వీధిలో ఆడవాళ్లు అరుగుల మీదికి వచ్చి చూస్తున్నారు. ఒక ముసలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను వెనకే నడుస్తున్నాను. నా పనిలో అలాంటి రోజులు ఎక్కువ రావు. ఛైర్మన్ అప్పుడు ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. ఫోటోల అతను బండి ముందు బ్యానరు కట్టుకుంటున్నాడు.

ఆమె తలుపు దగ్గరికి వచ్చి తలెత్తి చూసింది.

"ఇంత ఎత్తుకు యాడెక్కేదక్కా?" అంది మెల్లగా.

నేను స్టూలు తీశాను. ఫోటోలో స్టూలు బాగుండదని ఛైర్మన్ దాన్ని పక్కన పెట్టించాడు. పట్టుకోండప్పా అని డ్రైవరుకు, తన కారు తోలే మనిషికి సైగ చేశాడు. నేను ఆగమనేలోపే వాళ్లిద్దరూ ఆమె చంకల కింద ఒకరు, తొడల కింద ఒకరు చేతులు వేసి లేపారు. వాకర్ కింద పడింది. చీర మోకాళ్ల పైకి జరిగి, తొడ మీద పొడుగాటి కుట్ల మచ్చ వీధి మొత్తానికీ కనిపించింది. ఆమె అరవలేదు. గొంతులో చిన్న మూలుగు వచ్చింది. ఛైర్మన్ ఆమె భుజం మీద రెండు వేళ్లు ఆనించి కెమెరా వైపు నవ్వాడు. తలుపు మీద ఉన్న నవ్వు, ఆ నవ్వు ఒకటే.

ఆమెను సీటు మీద కూర్చోబెట్టాక ఫోటోల అతను కెమెరాలో చూసుకుని నసిగాడు. తలుపు నీడ పడి సారు ముఖం సరిగా రాలేదట.

"ఒక్కసారి దింపి మల్ల ఎక్కియ్యండి," అన్నాడు ఛైర్మన్.

"వద్దు సార్," అన్నాను.

"ఒక్క నిమిసమమ్మా."

వాళ్లు దింపారు. నేను అడ్డం వెళ్లి వాకర్ ఎత్తి ఆమె చేతికిచ్చాను. ఆమె రెండు చేతులతో దాన్ని పట్టుకుని నిలబడి, ముందు చీర సరిచేసుకుంది. తొందరపడకుండా కుచ్చిళ్లు చూసుకుంది. అప్పుడు ఛైర్మన్ వైపు చూసింది.

"నన్ను మల్ల ఎత్తొద్దు సామీ. నేను ఇంటికాడ్నించి నడిసొచ్చినా. పోటో తీసేది ఉంటే దాన్ని తియ్యల్ల."

"ఏం గాదులేమ్మా, ఇదంతా నీ కోసరమే గదా."

"నా కోసరమైతే నేనెక్కే బండి తెస్తాంటిరి."

వాకర్ తిప్పుకుని రోడ్డు వెంట బస్‌స్టాపు వైపు నడవడం మొదలుపెట్టింది. ఛైర్మన్ ఆమెను చూడలేదు. అరుగుల మీద ఉన్నవాళ్లను చూశాడు, ఎవరు నవ్వారో కనిపెట్టడానికి అన్నట్టు. ఎవరూ నవ్వలేదు. నేను నా సంచీ తీసుకుని ఆమె వెనక వెళ్లాను. ఎమ్మిగనూరు వైపు పోయే ఆటో వచ్చింది. ఆటో నేల తక్కువ ఎత్తు. బాగున్న కాలు ముందు పెట్టి, కమ్మి పట్టుకుని, తనంతట తానే ఎక్కి కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. వెనక మా జీపు హారను ఒకసారి మోగింది. ఎవరు మోగించారో, ఎందుకో తెలియదు.

జొన్నచేలు దాటుతుండగా ఆమె అడిగింది.

"నా చీర యాడిదాకా లేసిందక్కా?"

ఎక్కువ లేవలేదన్నాను. ఎవరూ చూడలేదన్నాను.

"నువ్వు సూసినావు గదా," అంది.

ఎమ్మిగనూరులో బస్సెక్కాం. బస్సు మెట్లూ ఎత్తే, అయినా పట్టుకోవడానికి కడ్డీ ఉంది, కండక్టరు తొందరపెట్టలేదు. కర్నూలులో చెప్పు కొలత ఇచ్చి, సాయంత్రానికి తిరిగి ఇంట్లో దిగబెట్టి వచ్చాను.

మర్నాడు పేపరు జిల్లా పేజీలో ఆ మొదటి ఫోటోనే వేశారు. ఇద్దరు మగవాళ్ల చేతుల్లో కళ్లు గట్టిగా మూసుకుని ఆమె, పక్కన నీడలో నవ్వుతున్న సారు. కింద ఆయన సేవాగుణం గురించి నాలుగు ముక్కలు. ఆమె పేరు లేదు, నడిచిన సంగతీ లేదు. టిఫిను ముందు పెట్టుకుని కూర్చున్నదాన్ని, ప్లేటు పక్కకు జరిపాను. ఆ రోజు నోట్లో ఏది పెట్టుకున్నా ఆ దుకాణం జిగురు వాసనే వచ్చింది.

అప్పుడే లీజు కంపెనీకి ఫోన్ చేశాను. మా ట్రస్టులో ఎవరినీ అడగలేదు. ఫోనెత్తిన అతనికి మొదట జరిగింది మొత్తం చెప్పాను. మనిషిని ఎలా ఎత్తారో, చీర ఎలా జరిగిందో. అతను ఊ కొడుతూ విన్నాడు, పక్కన ఎవరితోనో టీ గురించి మాట్లాడాడు. ఆ తరవాత గొట్టం కోసం పక్క రేకుకు రంధ్రం కొట్టారని చెప్పాను. ఒక్కసారిగా గొంతు మారిపోయింది. ఎంత రంధ్రం, ఏ పక్క, ఎవరు కొట్టారని గుచ్చి గుచ్చి అడిగాడు. రేకుకు ఉన్న విలువ అది.

చూడటానికి ఒక కుర్ర అధికారి వచ్చాడు. జీపు ముందు నిలబడి లైట్లన్నీ వేయించుకుని సెల్ఫీ తీసుకున్నాడు. మంచి టేస్టు మేడం అన్నాడు నాతో. ఆ టేస్టు నాదే అనుకున్నాడు కాబోలు, నాకు ఒళ్లంతా కంపరమెత్తింది. అయితే పనిలో మాత్రం కచ్చితంగా ఉన్నాడు. ఎత్తు పెంచిన బండికి ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వర్తించదని, రేకు మార్చి, బండిని వచ్చినప్పటిలా చేయకపోతే వెనక్కి తీసుకుంటామని చెప్పి వెళ్లాడు.

ఛైర్మన్ ఆ మధ్యాహ్నమే నా గదికి వచ్చాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. పేషెంట్లు కూర్చునే బల్ల మీద కూర్చున్నాడు.

"నాతో ఒక మాట చెప్పింటే నేనే తీయిస్తాంటి గదమ్మా. బయటోళ్లకు చెప్పి నా పరువు తీస్తివి."

"దుకాణంలోనే చెప్పినా సార్."

ఆయనకు నిజంగానే గుర్తు లేదు. ముఖం చూస్తే తెలిసింది. నేను చెబుతున్నంతసేపూ అక్కడే ఉన్నాడు, ఒక్క ముక్క లోపలికి పోలేదు. కొంచెంసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు.

"ఎత్తి ఎక్కిస్తే తప్పేంది? మా అమ్మను దినామ్ నేనే ఎత్తుకుంటాంటి. నువ్వే సూసినావు. ఒక్కనాడన్నా వద్దనిందా?"

"ఆమెకు మాట పడిపోయింది గదా సార్," అన్నాను.

నోటి నుంచి వచ్చాక గానీ నేనేమన్నానో నాకు తెలియలేదు. ఆయన లేచి నిలబడ్డాడు. తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. నాకు జాలి కలగాల్సిందేమో. ఆ రోజు కలగలేదు. ఆ మూసిన కళ్ల ఫోటో ఉన్న పేపరు ఇంకా నా బల్ల మీదే ఉంది.

బండిని మళ్లీ దించారు. గొట్టం తీసి రేకు మార్చారు. డ్రైవరు తానే కూర్చుని బ్లేడుతో తలుపుల మీది స్టిక్కరు గీకాడు. చాలా రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. గీకుతూ గీకుతూ ఒకసారి మాత్రం, నేనూ చెయ్యేసినా కదా మేడం, అన్నాడు. జిగురు పూర్తిగా పోలేదు, దాని మీద ఊళ్ల దుమ్మంతా పట్టి ఇప్పటికీ ఒక మనిషి ఆకారం మరకలా కనిపిస్తుంది. తీసిన సామాను ఏదీ వృథా కాలేదు. ఛైర్మన్ సొంతానికి ఒక జీపు కొన్నాడు. గార్డు, లైట్ల పట్టీ, గొట్టం అన్నీ దానికి బిగించాడు. కర్నూలు రోడ్ల మీద అప్పుడప్పుడు ఎదురవుతుంటుంది. ఆ హారను వినపడితే నేను తల తిప్పుకుంటాను.

మెట్టు మాత్రం వచ్చింది. వెనక తలుపు కింద మడిచి తెరిచే రెండు మెట్లు, పక్కన రబ్బరు చుట్టిన పిడి. దాని మీద మొదట ఎక్కింది ఆత్మకూరు వైపు నుంచి వచ్చిన, ఒక కాలు తీసేసిన గొర్రెల కాపరి. చంకకర్ర ముందు లోపలికి విసిరి, పిడి పట్టుకుని ఎక్కేసి, అదేమీ పెద్ద విశేషం కానట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

పేపరు ఫోటోను ట్రస్టువాళ్లు పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి మా వెయిటింగ్ హాల్లో తగిలించారు. తీసేయమని అడిగాను. బాగుండదన్నారు. చెప్పు చూపించుకోవడానికి ఆమె వచ్చే రోజు పొద్దున్నే కుర్చీ వేసుకుని దాన్ని దించి, సామాన్ల గదిలో గోడ వైపు తిప్పి పెట్టాను. తరవాత ఎవరూ అడగలేదు. మేకు అలాగే ఉంది.

ఆమె అక్కతో కలిసి బస్సులో వచ్చింది. అప్పటికి వాకర్ పోయి చేతికర్ర వచ్చింది. కొత్త చెప్పుతో హాలు పొడుగునా నడిచి చూపించింది. నడుము పక్కకు పడటం చాలా తగ్గింది. వెళ్లేటప్పుడు ఆవరణలో జీపు చూపించాను. మెట్లు తెరిచాను. ఊరి దాకా మా బండిలోనే దింపుతామన్నాను. డ్రైవరు తలుపు పట్టుకుని తల దించుకుని నిలబడ్డాడు.

ఆమె కర్రతో కింది మెట్టును నొక్కి చూసింది. పిడిని ఒకసారి పట్టుకుని వదిలింది.

"బాగుండాదక్కా. శానామందికి పనికొస్తాది," అంది. "నాకు బస్సుండాది."

నేను ఇంకోసారి అడగలేదు. గేటు దాకా వాళ్లతో నడిచాను. అక్కాచెల్లెళ్లు ఆటో ఆపి ఎక్కారు. నేను లోపలికి వచ్చి, హాల్లో కూర్చున్న తరవాతి పేషెంటును పిలిచాను.